కంచు మోగాలంటే కొట్టాలి

హైదరాబాదు ట్యాంక్‌బండ్ మీద మహాకవి గుర్రం జాషువా కంచు విగ్రహం ఉంది. 1986లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం వరసగా నిలబెట్టిన 33 విగ్రహాల్లో అదొకటి. రాజుల సరసన, సంస్కర్తల సరసన మన వినుకొండ బిడ్డ! మాదిగ తల్లి లింగమ్మ, గొల్ల తండ్రి వీరయ్య కన్న బిడ్డ! బడి పిల్లల్ని తీసుకుపోయి చూపించినప్పుడు మా గుండె పొంగింది. పొంగదా మరి?

రాగీ తగరమూ కలిపి కరిగిస్తే కంచు. గుడిగంటా కంచే. ఆ గంటను మన తాతలు దూరాన్నుంచి విన్నారే గాని చేత్తో ముట్టింది లేదు. అదే కంచులో ఇవాళ మనవాడు నిలబడ్డాడు. ఇది చిన్న సంగతి కాదు.

అయితే అన్నలారా, అక్కలారా, ఒక్క మాట. దండలేసే పెద్దమనుషుల్లో 'గబ్బిలం' చదివినోళ్లు ఎందరు? 1941లో వచ్చిన ఆ కావ్యంలో అంటరానివాడు తన గోడు కాశీ శివుడికి చెప్పుకోవాలి. గుళ్లోకి తనకు దారి లేదు, గబ్బిలానికి ఉంది. అందుకే దానిచేత కబురు పంపాడు. గబ్బిలానికున్న పాటి హక్కు మనిషికి లేదా అన్నదే ఆయన ప్రశ్న. దండ దానికి జవాబు కాదు.

సన్మానాలు ఆయనకు కొత్తవి కావు. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గండపెండేరం తొడిగారు. 1970లో పద్మభూషణ్ వచ్చింది. అయినా ఆయన్ని కులం అడిగిన లోకం అడుగుతూనే ఉంది. సన్మానం వేరు, సమానత్వం వేరు.

మొన్న తరగతిలో ఈ కథ చెబితే ఒక పిల్ల లేచి అడిగింది: "మా ఊరి గుడికాడ మా నాయన ఇప్పటికీ బయటే నిలబడతాడు. గబ్బిలం ఇంకా పోలేదా?" మా నోట మాట రాలేదు. ఆ పిల్ల మాత్రం జాషువాను అందుకుంది.

కంచు కూలొచ్చు. 2011 మార్చి 10న మిలియన్ మార్చ్‌లో అదే ట్యాంక్‌బండ్ మీద చాలా విగ్రహాలు కూలాయి. మళ్లీ నిలబెట్టారు. కాని పిల్ల నోట్లో పడిన ప్రశ్నను ఎవడు కూల్చగలడు?

అందుకే సెప్టెంబరు 28 జయంతికి దండతో సరిపెట్టొద్దు. ఆ రాత్రి వాడలో దీపం పెట్టి, చదువొచ్చిన పిల్లచేత 'గబ్బిలం' చదివిద్దాం. అర్థం కాని మాట ఉంటే బడిపంతుళ్లం మేం లేమా? చదువు రాని అమ్మలు ముందు వరసలో కూచోవాలి. మీ ఊరి బడిలో ఆ పుస్తకం ఉందా లేదా అడగండి. లేకపోతే తెప్పించమని పట్టుబట్టండి.

కంచు కొడితేనే మోగుతుంది. జాషువా చదివితేనే పలుకుతాడు.

జై భీమ్!