బరువు ముందుకా, వెనక్కా?

సీజన్‌లో వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పత్తి, మిర్చి బస్తాలతో వచ్చే ట్రాక్టర్లను చూసే ఉంటారు. ట్రాలీలో ఎంత బరువుందనేదే కాదు, అది ఎక్కడుందనేది కూడా ముఖ్యమే.

ఎడ్లబండి తోలిన తాతను అడగండి, ఇట్టే చెప్పేస్తాడు. సరుకంతా ముందుకేస్తే భారం ఎడ్ల మెడ మీద పడుతుంది. వెనక్కేస్తే కాడి పైకి లేస్తుంది. రెండు చక్రాల ట్రాలీకీ ఇదే లెక్క. వెనక బరువెక్కువైతే ట్రాక్టర్ వెనక టైర్లకు పట్టు తగ్గుతుంది, ట్రాలీ పాములా ఊగుతుంది. మరీ ముందుకేస్తే ట్రాక్టర్ ముందు చక్రాలు తేలిపోతాయి, స్టీరింగ్ మాట వినదు.

అమెరికాలో కార్ల వెనక కట్టే క్యాంపింగ్ ట్రైలర్లకు ఓ కొలత పెట్టుకున్నారు. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హుక్కు మీద పడాలి. అంటే 1,000 కిలోల ట్రైలరైతే 100 నుంచి 150 కిలోలు.

ఊగడం మొదలైతే? కంగారుపడి బ్రేక్ తొక్కొద్దు, స్టీరింగ్ అటూ ఇటూ తిప్పొద్దు. తిన్నగా పట్టుకుని, స్పీడు మెల్లగా తగ్గనివ్వండి. పక్కకు ఆపి బస్తాలు సర్దండి.

అన్నట్టు, ఆ బస్తాల మీద దోస్తులను మాత్రం ఎక్కించుకోవద్దు. ట్రాలీ బోల్తా పడితే పట్టుకోవడానికి వాళ్లకేమీ ఉండదు.