పచ్చబొట్టు చూడాలా, పనితనం చూడాలా?



కొన్నేళ్ళుగా మా నర్సింగ్ ఆఫీసులో తరచుగా చర్చకు వస్తున్న విషయం ఒకటి ఉన్నది. డ్యూటీకి వచ్చే పిల్లల చేతుల మీద, మెడ మీద పచ్చబొట్లు కనబడుతున్నాయి. ఇప్పటివాళ్ళు టాటూ అంటారు. "ఆసుపత్రిలో పనిచేసేవాళ్ళకు ఇవేమిటి?" అని పెద్దలు అడుగుతున్నారు. "నా ఒళ్ళు, నా ఇష్టం" అని చిన్నవాళ్ళు అనుకుంటున్నారు. ఇద్దరి మాటా విన్న మనిషిగా నా అభిప్రాయం చెప్పదలచుకున్నాను. ఈ అభిప్రాయానికి రాకముందు నేనే రెండు తప్పులు చేశాను. వాటితోనే మొదలుపెడతాను.

చొక్కా చేతులు దించమన్నాను

ఎముకల వార్డులో ఒక మేల్ నర్సు ఉండేవాడు. పని తెలిసినవాడు, మాట మెత్తన. కుడి ముంజేతి మీద పెద్ద తేలు బొమ్మ పొడిపించుకున్నాడు. తుంటి ఎముక విరిగి ఆపరేషన్‌కు వచ్చిన ఒక మామ్మగారు ఆ తేలును చూసి, "సిస్టరమ్మా, ఈ రౌడీ కుర్రాడు నాకు సూది వేయడానికి వీల్లేదు" అని గట్టిగా చెప్పేసింది. నేను ఆ అబ్బాయిని పిలిచి, "బాబూ, రేపటి నుండి యూనిఫామ్ లోపల ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకుని రా" అన్నాను. ఎదురు చెప్పలేదు. వేసుకొచ్చాడు.

నాలుగు రోజుల తరువాత ఇన్ఫెక్షన్ కంట్రోల్ చూసే సిస్టర్ రౌండ్స్‌కు వెళ్ళి నా దగ్గరకు వచ్చింది. "మేడమ్, ఆ అబ్బాయి చొక్కా చేతులు మణికట్టు దాకా ఉన్నాయి. చేతులు ఎలా కడుక్కుంటాడు? డ్రెస్సింగ్ ట్రేకి ఆ అంచు తగులుతోంది" అన్నది. నాకు తల వంచుకోవాల్సి వచ్చింది. మణికట్టు పైదాకా రుద్ది కడగాలని ప్రతి బ్యాచ్‌కూ పాఠం చెప్పేదాన్ని నేనే. తడిసిన చొక్కా అంచు ఒక రోగి పుండు నుండి ఇంకొక రోగి పుండుకు క్రిములను మోస్తుందని నాకు తెలియనిది కాదు. ఇంగ్లండు ఆరోగ్యశాఖ 2007లో ఈ సంగతి మీదనే ఒక నియమం ప్రకటించింది. రోగిని తాకేవారికి మోచేతి కింద చొక్కా చేయి గానీ, వాచీ గానీ, గాజులు గానీ ఉండకూడదు. మన తెలుగు నర్సులు, కేరళ నర్సులు ఎంతోమంది అక్కడ ఈ నియమం కిందనే పనిచేస్తున్నారు. అక్కడ ముంజేతి మీద బొమ్మను చొక్కాతో దాచుదామన్నా కుదరదు.

మానిన పచ్చబొట్టు వలన రోగికి ఏ ప్రమాదమూ లేదు. దాన్ని కప్పిన గుడ్డ వలన ఉన్నది. మర్యాద కాపాడుతున్నానని నేను శుభ్రతను పాడుచేశాను. ఆ అబ్బాయిని పిలిచి, "నేను చెప్పింది తప్పు బాబూ, చేతులు మడుచుకో" అన్నాను.

తరువాత మామ్మగారి దగ్గర కూర్చున్నాను. బి.పి. చూద్దామని చీర కొంగు తప్పిస్తే, రెండు చేతుల నిండా పచ్చబొట్లే! మణికట్టు చుట్టూ చుక్కలు, ముంజేతి మీద ముగ్గు, దాని కింద ఆమె భర్త పేరు. "మరి ఇవేమిటి మామ్మగారూ?" అంటే, "అవి వేరమ్మా, మా పెద్దలు పొడిపించినవి" అన్నది. ఆమె డిశ్చార్జి అయ్యే రోజున, "నా తేలు అబ్బాయి ఏడీ, చెప్పి వెళ్ళాలి" అని వార్డంతా వెతికించింది. పది రోజులపాటు ఆమెను పక్క మీద అటూ ఇటూ తిప్పింది, పడకపుండు పడకుండా వీపు తుడిచింది ఆ చేతులే.

ఇంటర్వ్యూలో తిప్పి పంపాను

రెండవ తప్పు దిద్దుకోలేనిది. అంతకు చాలా ఏళ్ళ ముందు మాట. జి.ఎన్.ఎం. సీట్ల ఇంటర్వ్యూకు ఏజెన్సీ గ్రామం నుండి ఒక అమ్మాయి వచ్చింది. మార్కులు సరిపోయాయి. సేవ చేయాలన్న కోరిక ముఖంలో కనబడుతున్నది. కానీ నుదుటి మీద, గడ్డం మీద పచ్చబొట్లు. మాలో ఒకరు అడిగారు, ఇవి ఎప్పుడు వేయించుకున్నావు అని. "చిన్నప్పుడు మా అమ్మమ్మ పొడిపించింది మేడమ్" అన్నది. అంతకంటే ఏమీ చెప్పలేదు. "రోగులు జంకుతారు, యూనిఫామ్‌కు నప్పదు" అని ఆ రోజు ముందుగా అన్నది నేనే. మిగతావారు తలూపారు. సీటు ఇవ్వలేదు. ఆ అమ్మాయి సర్టిఫికెట్లు పాలిథిన్ కవరులో పెట్టుకుని, మాకందరికీ నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది.

ఈనాడు మనం ఆ కొండ గ్రామాలకు మెడికల్ క్యాంపులకు వెళుతున్నాం. గర్భిణీ స్త్రీలు మన మాట అర్థంకాక, మన తెల్ల యూనిఫామ్ చూసి తలుపు వెనక్కు తప్పుకుంటారు. వాళ్ళ భాష మాట్లాడే నర్సు మనకు ఒక్కరు కూడా లేరు. వాళ్ళ ముఖాలమీది చుక్కలనే తన ముఖం మీద కూడా ధరించిన నర్సు ఉంటే వాళ్ళు జంకి ఉండేవారా? క్యాంపుకు వెళ్ళిన ప్రతిసారీ నాకు ఆ అమ్మాయి గుర్తుకొస్తుంది.

మనం నిజంగా చూసేది ఏమిటి?

పచ్చబొట్టు మన ఊళ్ళకు కొత్త కాదు. ఆకు పసరు, దీపపు మసి కలిపి సూదులతో పొడిచే ఆడవాళ్ళు ఊరూరా తిరిగేవారు. నగలు పోవచ్చు గాని పచ్చబొట్టు చనిపోయేదాకా వెంట ఉంటుందని మన ముసలివాళ్ళు చెప్పేవారు. అదే బొమ్మ నాయనమ్మ చేతి మీద ఉంటే పాతకాలపు ముచ్చట అంటాం. సినిమా నటుని చేతి మీద ఉంటే ఫ్యాషన్ అంటాం. మన కింద పనిచేసే పిల్లవాని చేతి మీద ఉంటే రౌడీ అంటాం. గిరిజన పిల్ల ముఖం మీద ఉంటే నాగరికత లేదంటాం. సిరా ఒక్కటే, చర్మం ఒక్కటే. మారేది మనం ఆ మనిషికి ఇచ్చే విలువ.

మన దేశ సైన్యం క్రమశిక్షణకు పెట్టింది పేరు గదా. అక్కడ కూడా పచ్చబొట్టు పూర్తిగా నిషేధం కాదు. ముంజేతి లోపలి వైపున, చేతి వెనుక భాగాన అనుమతిస్తారు. గిరిజన అభ్యర్థులకైతే వారి ఆచారాన్ని బట్టి సడలింపు ఉన్నది. తుపాకి పట్టే సైన్యం గౌరవించిన ఆచారాన్ని, స్వస్థత పేరున నిలిచిన మిషను ఆసుపత్రి ఆ రోజు గౌరవించలేకపోయింది.

లేఖనం మాటేమిటి అని కొందరు విశ్వాసులు అడుగుతారు. లేవీయకాండము 19వ అధ్యాయంలో దేహం మీద గుర్తులు వేసుకోవద్దన్న ఆజ్ఞ ఉన్నది, నిజమే. అది చనిపోయినవారి కోసం దేహాన్ని కోసుకునే ఆచారంతో కలిపి చెప్పబడింది. ఆ మాటను బట్టి నేను పొడిపించుకోను, నా పిల్లలకు కూడా వద్దనే చెబుతాను. అయితే ఐగుప్తులోని కోప్టిక్ క్రైస్తవులు కుడి మణికట్టు లోపలి వైపున చిన్న సిలువ పొడిపించుకుంటారు. ఇతియోపియాలో నుదుటి మీద సిలువ ఉన్న క్రైస్తవ తల్లులున్నారు. వారి విశ్వాసం మనకంటే తక్కువదని అనగలమా? యెష్షయి కుమారులలో ఒకరిని ఎన్నుకోవడానికి వెళ్ళిన సమూయేలు ప్రవక్త అంతటివాడే పెద్దకొడుకు రూపం చూసి పొరబడ్డాడు. దేవుడు చూసేది హృదయాన్ని అని అతడు ఆ రోజు నేర్చుకున్నాడు. ఇంటర్వ్యూ బల్లకు ఇవతల కూర్చునే మనకు ఆ అధ్యాయం ప్రతి సంవత్సరం అవసరమే.

యువతీ యువకులకు ఒక మాట

ఇంత చెప్పానని, వెళ్ళి పొడిపించుకోమని అర్థం కాదు. ఉద్యోగాల లోకం ఇంకా మారలేదు. కేంద్ర సాయుధ పోలీసు బలగాలలో ముంజేతి లోపలి వైపున అనుమతి ఉన్నా, అది ఎడమ చేతికే, ఎందుకంటే కుడి చేత్తో సెల్యూట్ చేయాలి. బొమ్మ ఆ అవయవంలో నాలుగో వంతు కంటే తక్కువ ఉండాలి. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుండి బలగాలలో చేరాలని ఏళ్ళ తరబడి పరుగు తీసే పిల్లలు ఇది ముందే తెలుసుకోవాలి. తరువాత చెరిపించుకోవడం సులభం కాదు. లేజర్‌తో నెలల తరబడి ఎన్నో సిట్టింగులు పడతాయి. నలుపు త్వరగా తగ్గినా పచ్చ, పసుపు రంగులు మొండికేస్తాయి. సున్నమో, ఆసిడో పూసుకుని చేయి కాల్చుకుని వచ్చినవారికి నేను కట్లు కట్టాను. దయచేసి ఆ పని చేయకండి.

జాతరలో, సంతలో ఒకే సూదితో పదిమందికి పొడిచేచోట చేయి చాచవద్దు. హెపటైటిస్ బి వైరస్ శరీరం బయట కనీసం 7 రోజులు బతికి ఉంటుంది. హెపటైటిస్ సి, హెచ్.ఐ.వి. కూడా రక్తం అంటిన సూది ద్వారా రావచ్చు. కొత్త సూది మీ కళ్ళ ముందు విప్పాలి, సిరా మీకోసం వేరే గిన్నెలో పోయాలి. హెపటైటిస్ బి టీకా 3 మోతాదులు (మొదటిది, నెలకు రెండవది, ఆరు నెలలకు మూడవది) ముందే పూర్తిచేసుకోండి. సి రకానికి టీకా లేదు. పొడిపించుకున్న తరువాత ఏడాదిపాటు రక్తదానం చేయకూడదు. కొత్త పచ్చబొట్టు ఒక గాయమేనని మరువవద్దు. అది మానేదాకా నర్సింగ్ డ్యూటీలో రోగిని తాకే పని చేయకూడదు.

నా మనవి

మన ఆసుపత్రి యాజమాన్యానికి, తోటి సూపరింటెండెంట్లకు నేను కోరేది ఇంతే. సిబ్బంది చేతి మీద పచ్చబొట్టు కనబడితే రెండే ప్రశ్నలు వేద్దాం. అది మానిందా? ఎవరినైనా కించపరిచే బొమ్మ గాని, బూతు మాట గాని అందులో ఉన్నదా? మొదటిదానికి అవునని, రెండవదానికి లేదని జవాబు వస్తే అక్కడితో ఆ సంగతి వదిలేద్దాం. రోగి జంకితే ఆ రోగితో మనమే కూర్చుని మాట్లాడుదాం, మా మామ్మగారి విషయంలో నేను మొదటి రోజే చేయవలసింది అదే. ఇంటర్వ్యూలో రూపానికి మార్కులు వేసే గడి ఉంటే తీసివేద్దాం.

యెషయా ప్రవక్త గ్రంథం 49వ అధ్యాయంలో, దేవుడు తన జనులను తన అరచేతుల మీదనే చెక్కుకున్నట్లు చదువుతాం. ఆ చేతులు మనల్ని మరువవు. నేను తిప్పి పంపిన ఆ అమ్మాయిని కూడా ఆ చేతులు మరువలేదని నమ్ముతున్నాను. ఈసారి అటువంటి బిడ్డ మన గుమ్మం ఎక్కినప్పుడు కుర్చీ వేసి కూర్చోబెట్టే మనసు ప్రభువు మనకు దయచేయును గాక.