పాత పడవ, తడి చెక్క

ఏలూరు నుంచి కొల్లేటి లంకకు వెళ్ళినప్పుడల్లా మేమిరువురమూ మొదట చూసేది అబ్బాజాన్ విడిచి వెళ్ళిన చెక్క పడవనే. నాలుగు వర్షాకాలాలుగా అది గట్టుపై బోర్లా పడి ఉన్నది. అమ్మివేయాలని మాలో ఒకరు, బాగు చేయించాలని మరొకరు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేటిలోకి దిగి, లంకల దారులు మునిగినప్పుడు ఆ వాదం ముగిసింది. ప్రతి గడపకూ పడవ కావలసిన రోజులవి. మాది నీట దించిన కొద్దిసేపటికే నిండిపోయింది.

ఆ శీతాకాలమంతా పనే. పుచ్చిన పలకలు తీయించి కొత్తవి వేయించాము. సందులలో నూలు దట్టించి, కాచిన తారు పూశాము. చెక్క పూర్తిగా ఎండిన తరువాతే తారు పట్టుతుంది. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే ఒక డబ్బా తారు వృథా అయ్యేది కాదు!

చిక్కంతా తెరచాపతోనే వచ్చింది. 2002లో రామ్సార్ జాబితాకెక్కిన ఈ సరస్సులో 2006లో చేపల చెరువుల గట్లు ఎన్నో కొట్టివేశారు. అయినా గట్లూ, గుర్రపుడెక్కా తక్కువేమీ కాదు. తాటిమాను దోనె గెడతో దూరిపోయే సందులో తెరచాప పడవ తిరగజాలదు. అయినా చిరుగులు కుట్టి, ఒక అసర్ నమాజు తరువాత చాప ఎత్తాము. గాలి మమ్ములను ఫర్లాంగు దూరం మోసుకొనిపోయి గుర్రపుడెక్కలో దించింది. గెడ వేసుకొంటూ మగ్రిబ్ వేళకు తిరిగి వచ్చాము.

తెరచాప ఇప్పుడు అటకపై ఉన్నది. పడవలో గెడ, తాడు, గాలి నింపిన రెండు లారీ ట్యూబులు ఉంచాము.