మైకు చూసినాకే మాట అడగాల

ఇంటి పెద్దల మాటలు రికార్డు చేసి దాచాలని ఇప్పుడు హొసూరు, కృష్ణగిరి పక్క మనవాళ్ళు కొందరు అనుకుంటా ఉండారు. మంచి పనే. 2006 చట్టంతో తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. మన ఇండ్లల్లో తెలుగు మాట్లాడే పిల్లలు ఉండారు గానీ, చదవగలిగేవాళ్ళు తక్కువ. రేపు వాళ్ళకు అవ్వ మాట అందాలంటే చెవి దారే దగ్గర. అందుకే మేము గట్టిగా చెప్పేది ఒకటే: శబ్దం పడుతోందా లేదా అని చూసుకోకుండా పెద్దల్ని మైకు ముందర కూర్చోబెట్టకూడదు.

పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసుకొని, ఆడాసిటీతో రికార్డు చేసేవాళ్ళు మనలో ఉండారు. రెండూ ఉచితమే. శబ్దం రాకపోతే మాత్రం "లినక్స్ అంటే ఇంతే" అనేస్తారు. మేము ఒప్పుకోము. చాలాసార్లు చెడిపోయింది ఏమీ ఉండదు. చెరువు నిండా నీళ్ళున్నా మడవ తిప్పకపోతే పైరు ఎండినట్టే ఇదీ. మైకు శబ్దం ముందు ఆల్సా అనే అడుగు పొర దాటి, దాని మీద ఉండే పల్స్ఆడియో గుండా ఆడాసిటీకి చేరుతుంది. ఫెడోరా 34, ఉబుంటు 22.10 మొదలు పల్స్ఆడియో చోటికి పైప్‌వైర్ వచ్చింది. ఎక్కడ ఆగిందో వరసగా చూస్తే చాలు.

మొదట సిస్టమ్ సెట్టింగ్స్‌లో సౌండ్ తెరిచి, ఇన్‌పుట్ దగ్గర మాట్లాడండి. గీత కదలకపోతే లోపం ఆడాసిటీది కాదు. మైకు పిన్ను చూడండి. ఒకే రంధ్రం ఉండే ల్యాప్‌టాప్ నాలుగు పట్టీల పిన్ను అడుగుతుంది, మూడు పట్టీల కాలర్ మైకును పట్టుకోకపోవచ్చు. పిన్ను సరిగానే ఉంటే టెర్మినల్‌లో ఆల్సామిక్సర్ తెరిచి, ఎఫ్4 నొక్కి, క్యాప్చర్ ఆగి ఉందేమో చూడండి.

అక్కడ గీత కదిలి ఆడాసిటీలో కదలకపోతే, అది వేరే దారిలో వింటోందని అర్థం. రికార్డింగ్ పరికరంగా "మానిటర్" అని పేరుండేది ఎంచితే, మైకు కాదు, కంప్యూటర్ లోపల మోగే శబ్దమే పడుతుంది. రికార్డింగ్ నడుస్తా ఉండగానే పల్స్ఆడియో వాల్యూమ్ కంట్రోల్‌లో రికార్డింగ్ పేజీ తెరవండి. ఆడాసిటీ పేరు అప్పుడే అక్కడ కనిపిస్తుంది, దాని పక్కన మీ మైకు ఎంచండి. ఆడాసిటీ తెరిచినాక మైకు తగిలించి ఉంటే పరికరాలను మళ్ళీ వెతికించాల. స్నాప్‌గా వేసుకున్న ఆడాసిటీకి మైకు అనుమతి విడిగా ఇవ్వాల్సి రావచ్చు.

ఇంకొకటి బాగా గుర్తుపెట్టుకోండి. తెర మీద అలలు పడి, తిరిగి వినేటప్పుడు మాత్రం శబ్దం లేకపోతే ఫైలు చెరపొద్దు. శబ్దం హెచ్‌డీఎంఐ గుండా టీవీకి పోతా ఉండొచ్చు. మాట భద్రంగానే ఉంటుంది, అవుట్‌పుట్ మార్చి వినండి.

"ఫోను ఉండగా ఇంత తంటా ఎందుకు?" అనే మాటలో న్యాయం లేకపోలేదు. ఫోను కూడా పక్కన పెట్టండి, రెండో కాపీ అవుతుంది. అయితే కాలర్ మైకు పెట్టి, వేవ్ ఫైలుగా దాచుకొని, తీరిగ్గా సరిచేసుకోవాలంటే ల్యాప్‌టాపే సులువు. 44,100 హెర్ట్జ్, 16 బిట్, మోనోలో గంటకు సుమారు 318 ఎంబీ, అంతే.

అసలు నష్టం ఫైలుది కాదు. ఊరు విడిచి వచ్చిన కథను తాత మొదటిసారి చెప్పేటప్పుడు గొంతు ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ నవ్వుతాడో అదే మన ఆస్తి. "పడలేదు తాతా, మళ్ళీ చెప్పు" అంటే చెప్తాడు, చెప్పకేమి? కానీ గంట కథ పది నిమిషాల సారాంశం అయిపోతుంది. ఎనభై దాటినవాళ్ళను రెండోసారి అడిగే రోజు వస్తుందనే ధైర్యమూ మనకు లేదు.

కాబట్టి ఇది "కంప్యూటర్ తెలిసిన పిల్లోడి పని" అని వదిలెయ్యొద్దు. ప్రశ్న అడిగేవాళ్ళే అదే గదిలో, అదే కుర్చీలో కూర్చొని, ఫ్యాను ఆపి, ఒక నిమిషం మాట్లాడి, ఇయర్‌ఫోన్‌లో విని చూడాల. వినపడినాకే పెద్దల్ని పిలవండి.