చూసేవారికీ ఒక నియమం కావాలి

ఆడేవారికి నియమాలున్నవి. బంతి పాదానికి తగిలితే ఈల మోగుతుంది. స్టిక్ గుండ్రని వైపుతో బంతిని కొడితే తప్పు. ఆకుపచ్చ కార్డు చూపితే ఆటగాడు రెండు నిమిషాలు మైదానం వెలుపల కూర్చోవలసిందే. చూసేవారికి మాత్రం ఏ నియమమూ లేదు, ఏ అంపైరూ లేడు. పొగడటం వారి ఇష్టం, తిట్టడమూ వారి ఇష్టం. ఈ స్వేచ్ఛ హాకీకి మేలు చేసినదా, కీడు చేసినదా అన్న ప్రశ్నను ఈ వార్షిక సంచికలో విద్యార్థి మిత్రుల ముందు, కళాశాల కమిటీ పెద్దల ముందు ఉంచదలచాము. మేము హాకీ అభిమానులం. గండిమైసమ్మ పరిసరాలలో మా సంఖ్య స్వల్పం. అయినా ఒక మంచి మాట చెప్పడానికి సంఖ్యాబలం అవసరం లేదని మా విశ్వాసం.

పూర్వం హాకీ అధిక సంఖ్యాకులకు కంటితో చూసే ఆట కాదు, చెవితో వినే ఆట. 1975 మార్చి 15న కౌలాలంపూర్‌లో భారత్ పాకిస్తాన్‌ను 2-1తో ఓడించి ప్రపంచ కప్పు గెలిచిన రోజున దేశం రేడియో చుట్టూ కూర్చున్నది. జస్‌దేవ్ సింగ్ గొంతే నాడు కన్ను. అంతకుముందు సెమీఫైనల్లో మలేషియా చేతిలో ఓటమి దాదాపు ఖాయమైన వేళ, భోపాల్ యువకుడు అస్లం షేర్ ఖాన్ బదులు ఆటగాడిగా దిగి, మెడలోని తావీజును ముద్దాడి, పెనాల్టీ కార్నర్‌ను గోలుగా మలచి స్కోరు సమం చేశాడు. ఈ ఘట్టాన్ని మన తాతలు నేటికీ కళ్ళకు కట్టినట్లు చెబుతారు. వారిలో చాలామంది దానిని చూడలేదు, విన్నారు. వినేవాడు తన ఊహతో ఆటలో సగం తానే ఆడతాడు. చూసేవాడికి ఆ శ్రమ లేదు. కాని ఆ శ్రమతో పాటు ఆటపై మమకారమూ కొంత పోయినదేమో అని మా అనుమానం.

టెలివిజన్ హాకీకి చేసిన సేవను మేము తక్కువ చేయడం లేదు. నిజానికి టెలివిజన్ కోసం ఆట తన రంగునే మార్చుకున్నది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మైదానం నీలిరంగు దాల్చినది, తెల్లని బంతి పసుపు బంతి అయినది. తెర మీద బంతి స్పష్టంగా కనబడాలన్నది దాని ఉద్దేశం. డెబ్బయి నిమిషాల ఆట పదిహేనేసి నిమిషాల నాలుగు భాగాలయినది. అనుమానం వచ్చిన చోట వీడియో చూసి తీర్పు చెప్పే పద్ధతి వచ్చినది. ఇవన్నీ చూసేవాడి సౌకర్యానికి వచ్చిన మార్పులు. ఆట మన కోసం ఇంత మారినప్పుడు, చూసే పద్ధతిని మనమెంత మార్చుకున్నాం?

పెనాల్టీ కార్నర్‌ను ఉదాహరణగా తీసుకొందాం. మైదానపు వెనుక గీత నుండి బంతి బయటికి వస్తుంది. వలయం అంచున ఒకరు దానిని ఆపుతారు, మరొకరు డ్రాగ్ ఫ్లిక్‌తో వలలోకి విసురుతారు. కెమెరా ఆ విసిరేవాని మీద, గోలు మీద నిలుస్తుంది. రీప్లేలో మళ్ళీ వారే. కాని అదే క్షణంలో గోలు గీత నుండి ఒక ఆటగాడు తన శరీరాన్ని లెక్కచేయక ఆ బంతికి ఎదురుగా పరుగెత్తుతాడు. భారత జట్టులో ఈ ఎదురు పరుగుకు పేరు పొందినవాడు ఒడిశాకు చెందిన అమిత్ రోహిదాస్. 2024 పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్లో గ్రేట్ బ్రిటన్‌పై అతనికి ఎర్రకార్డు చూపారు. మిగిలిన పదిమంది నలభై నిమిషాలకు పైగా పోరాడి 1-1తో నిలిచి, షూటౌట్‌లో 4-2తో గెలిచారు. నిషేధం వల్ల రోహిదాస్ లేని సెమీఫైనల్లో జర్మనీ 3-2తో గెలిచినది. వారి మొదటి గోలు పెనాల్టీ కార్నర్ నుండి గొంజాలో పెయాట్ చేసినది. స్కోరు మాత్రమే చూసినవాడికి అది ఓటమి. ఆటను చూసినవాడికి ఒక మనిషి లేని లోటు ఎంతటిదో తెలిసినది. మేము కోరే చూపు ఇదే.

నేటి అభిమానికి హాకీ అంటే ఒలింపిక్ పతకం. 1928 నుండి 1980 వరకు ఎనిమిది స్వర్ణాలు గెలిచిన దేశం మరి 41 ఏళ్ళు పతకం లేక గడిపినది. 2008లో బీజింగ్‌కు అర్హతే పొందలేదు. 2012లో లండన్‌లో చివరి స్థానం. అందుచేత 2021 ఆగస్టు 5 ఉదయం టోక్యోలో జర్మనీపై 5-4తో కాంస్యం గెలిచినప్పుడు కలిగిన ఆనందం సహజం. ఆఖరి క్షణాలలో వచ్చిన పెనాల్టీ కార్నర్‌ను శ్రీజేష్ ఆపినప్పుడు నిలువెల్లా పులకించనివారు ఎవరు? పారిస్‌లో స్పెయిన్‌పై 2-1తో మరో కాంస్యం వచ్చినది. ఈ ఆనందాన్ని మేము ఆక్షేపించడం లేదు. ఒలింపిక్స్‌కూ ఒలింపిక్స్‌కూ మధ్య నాలుగేళ్ళ పాటు ఆట వైపు కన్నెత్తి చూడక, ఆ నాటికి మాత్రం తీర్పు చెప్పడానికి సిద్ధపడే అలవాటునే ఆక్షేపిస్తున్నాము. పెళ్ళికి వచ్చి భోజనం రుచి చెప్పే చుట్టం వంటిది ఈ అభిమానం. వంట చేసినవారి చెమట అతనికి అక్కరలేదు.

ఈ అలవాటు ఓటమి నాడు క్రూరంగా మారుతుంది. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల ఫైనల్లో భారత్ పాకిస్తాన్ చేతిలో 1-7తో ఓడినది. దేశానికి రంగుల టెలివిజన్ వచ్చిన సంవత్సరమది. లక్షలాది మంది ఆ ఓటమిని కళ్ళారా చూశారు. గోల్‌కీపర్ మీర్ రంజన్ నేగి మీద అమ్ముడుపోయాడన్న నింద పడినది. ఏడు గోళ్ళు పడడానికి ముందు మైదానం మధ్యలో ఎన్ని తప్పులు జరిగినవో ఆలోచించే ఓపిక ఎవరికీ లేకపోయినది. గోలు పడినప్పుడు తెర మీద కనబడేది గోల్‌కీపరే కదా. పదహారేళ్ళ తరువాత, 1998లో బ్యాంకాక్ ఆసియా క్రీడలలో దక్షిణ కొరియాపై పెనాల్టీ స్ట్రోకులలో గెలిచి భారత్ స్వర్ణం సాధించినప్పుడు, ఆ జట్టు గోల్‌కీపర్లకు శిక్షణ ఇచ్చినవాడు అదే నేగి. నింద వేసినవారిలో ఎందరు నాడు ఆ మాటను వెనక్కి తీసుకున్నారు?

కాలం మారినది, అలవాటు మారలేదు. 2021 టోక్యోలో దక్షిణాఫ్రికాపై మూడు గోళ్ళు చేసి, ఒలింపిక్ హాకీలో ఆ ఘనత పొందిన తొలి భారత మహిళగా వందనా కటారియా నిలిచినది. కొద్ది రోజులకే సెమీఫైనల్లో జట్టు అర్జెంటీనా చేతిలో 1-2తో ఓడగా, హరిద్వార్ సమీపంలోని ఆమె ఇంటి ముందు కొందరు టపాకాయలు కాల్చి, కులం పేరుతో దూషించారు. రెండు రోజుల తరువాత కాంస్య పోటీలో, గ్రేట్ బ్రిటన్‌పై, ఆ అమ్మాయే మళ్ళీ గోలు చేసినది. జట్టు 3-4తో ఓడినది. ఆ గోలు కన్నా గొప్ప సమాధానం మాకు తోచడం లేదు.

ఈ సంఘటనలు మన కళాశాలకు దూరపు వార్తలు కావు. అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు, దళిత, గిరిజన కుటుంబాల పిల్లలకు ఈ మాట చెప్పనక్కరలేదు. గెలిచిన నాడు అందరివాడైన ఆటగాడు, ఓడిన నాడు ఒక్కసారిగా ఫలానా మతంవాడు, ఫలానా కులంవాడు అవుతాడు. బనారస్ వీధులలో పెరిగి తన డ్రిబ్లింగ్‌తో ప్రపంచాన్ని ఆకట్టుకున్న మహమ్మద్ షాహిద్, ఆసియా క్రీడల ఓటమిలోనూ భారత్ తరఫున గోలు చేసిన జఫర్ ఇక్బాల్, సుందర్‌గఢ్ గిరిజన గ్రామం నుండి వచ్చి దేశానికి నాయకత్వం వహించిన దిలీప్ తిర్కీ, వీరందరినీ ఒకే జట్టుగా చేసినది హాకీ. ఆ ఆటను చూసేవారే జట్టును విడగొట్టడం న్యాయమా?

ఇక మన నేల సంగతి. హాకీ అనగానే పంజాబు, ఒడిశాలు గుర్తుకు రావడం సమంజసమే. కాని హైదరాబాదు ఈ ఆటకు పరాయిది కాదు. ఇక్కడ పుట్టిన ముకేష్ కుమార్ 1992, 1996, 2000 సంవత్సరాలలో మూడు ఒలింపిక్స్ ఆడాడు. బ్యాంకాక్ స్వర్ణ జట్టులోనూ ఉన్నాడు. అర్జున పురస్కారం, పద్మశ్రీ అందుకున్నాడు. నిజామాబాదు నుండి యెండల సౌందర్య, చిత్తూరు జిల్లా పల్లె నుండి గోల్‌కీపర్ ఎతిమరపు రజని భారత మహిళా జట్టు దాకా వెళ్ళారు. 2003 ఆఫ్రో ఏషియన్ క్రీడలలో భారత పురుషుల జట్టు పాకిస్తాన్‌ను ఓడించి స్వర్ణం గెలిచినది ఈ నగరంలోనే. 2005 ప్రారంభంలో తొలి ప్రీమియర్ హాకీ లీగ్ గచ్చిబౌలిలో జరిగినది, హైదరాబాద్ సుల్తాన్స్ విజేతలయినారు.

ఇరవై ఏళ్ళకు, 2025లో, హాకీ ఇండియా లీగ్‌లో హైదరాబాద్ తూఫాన్స్ ఫైనల్ దాకా వెళ్ళి, ఫిబ్రవరి 1న రౌర్కెలాలో బెంగాల్ జట్టు చేతిలో 3-4తో ఓడినది. పారిస్‌లో భారత్‌పై గోలు చేసిన పెయాట్ ఈ జట్టులో ఆడాడు. నిన్నటి ప్రత్యర్థి నేడు మనవాడు కావడం క్రీడకే చెల్లుతుంది. మాకు కష్టం కలిగించినది మరొకటి. పేరు హైదరాబాదుది, ఆటలు మాత్రం రౌర్కెలా, రాంచీలలో. ఆ ఏడాది లీగ్ పోటీ ఒక్కటీ మన నగరంలో జరగలేదు. మైదానం లేని జట్టుకు తెర ఒక్కటే ఊరు. తెర మీద చూసిన పిల్లవాడు మరునాడు స్టిక్ పట్టుకొని పరుగెత్తడానికి చోటు లేకపోతే, ఆ ప్రసారం వల్ల హాకీకి ఒరిగినదేమిటి?

గండిమైసమ్మ చౌరస్తా నుండి ఒకవైపు మేడ్చల్ దారి, మరొకవైపు నర్సాపూర్ దారి. రెండింటికీ ఇరువైపులా నిన్నటి ఖాళీ నేలలు నేడు ప్లాట్లయినవి, ప్రహరీలయినవి. ఈ పరిస్థితిలో కళాశాల ఆవరణలో మిగిలిన నేలే మన పిల్లలకు మిగిలిన మైదానం. అందుచేత కమిటీ పెద్దలకు మా విన్నపాలు మూడు.

మొదటిది: క్రికెట్, వాలీబాల్‌తో పాటు హాకీకి ఆవరణలో కొంత చోటు కేటాయించాలి. కోట్లు ఖర్చయ్యే కృత్రిమ పచ్చిక మేము కోరడం లేదు. జట్టుకు ఐదుగురు ఆడే హాకీకి పూర్తి మైదానంలో దాదాపు సగం పొడవు చాలు. ఈ పద్ధతికి 2024లో మస్కట్‌లో ప్రపంచ కప్పు కూడా జరిగినది. చదును చేసిన మట్టి నేల, కొన్ని స్టిక్కులు, బంతులు, గోల్‌కీపర్‌కు పూర్తి రక్షణ సామగ్రి ఉంటే ఆరంభానికి చాలును. రక్షణ సామగ్రి విషయంలో మాత్రం పొదుపు తగదు.

రెండవది: విద్యార్థినులకు సమాన అవకాశం ఉండాలి. వేళలు, దుస్తులు, శిక్షకుల విషయంలో తల్లిదండ్రులను సంప్రదించి, వారికి నమ్మకం కలిగేలా ఏర్పాటు చేయాలి. సౌందర్య, రజని వచ్చిన ఇళ్ళు మన ఇళ్ళ వంటివే.

మూడవది: ముఖ్యమైన పోటీల నాడు కళాశాల హాలులో టెలివిజన్ పెట్టించి, ఆట తెలిసిన ఒకరిచేత ఉర్దూలోనూ, తెలుగులోనూ వివరింపజేయాలి. మన భాషలో హాకీ వ్యాఖ్యానం మా చెవిన పడనే లేదు. ఎవరో చెబుతారని ఎదురుచూడటం కన్నా మనవాళ్ళే చెప్పడం మేలు. ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా గచ్చిబౌలి ఎంతో దూరం కాదు. అక్కడ పెద్ద పోటీ జరిగినప్పుడు ఒక బస్సు వేయించినా విద్యార్థులు రుణపడి ఉంటారు.

కొందరు పెద్దలు అడగవచ్చు: ఉద్యోగం ఇవ్వని ఆటకు నేల ఎందుకని. రైల్వేలు, సైనిక దళాలు, ప్రభుత్వ రంగ సంస్థలు క్రీడాకారులకు ఉద్యోగాలిస్తున్న మాట వాస్తవమే అయినా, మా వాదనకు అది ఆధారం కాదు. స్టిక్ పట్టిన పిల్లలలో నూటికి తొంభైతొమ్మిది మంది ఏ జట్టుకూ ఎంపిక కారు. వారు మంచి ప్రేక్షకులవుతారు. ఎదురు పరుగెత్తే వాని ధైర్యం ఎంతటిదో వారికి తెలుస్తుంది. గోల్‌కీపర్ వరకు బంతి రావడానికి ముందు పదిమంది ఓడిపోయారని వారికి తెలుస్తుంది. ఆ తెలిసినవాడు ఓడినవారి ఇంటి ముందు టపాకాయ కాల్చడు.

విద్యార్థి మిత్రులారా, అంపైరు లేని చోట మనమే నియమం పెట్టుకొందాం. గెలుపు నాడు గోలు చేసినవానితో పాటు బంతి అందించినవాని పేరూ తలుద్దాం. ఓటమి నాడు ఆటలోని తప్పును నిర్మొహమాటంగా విమర్శిద్దాం, కాని ఆటగాని కులమతాల జోలికి, నిజాయితీ జోలికి ఆధారం లేక పోవద్దు. ఈ రెండు మాటలు నిలుపుకోగలిగిన నాడు, మన కళాశాల నుండి ఒక్క ఆటగాడూ జాతీయ జట్టుకు వెళ్ళకపోయినా, హాకీకి మనం చేయగలిగిన సేవ చేసినట్లే.