కొంగ ఫోటో కావాలంటే మబ్బు రోజే మేలు, బెడ్డలు విసరక్కర్లేదు

మబ్బు పట్టిన రోజు ఫోటోలు బాగా రావని, ఎగిరే పిట్ట కావాలంటే దాన్ని లేపాల్సిందేనని మనవాళ్ళలో చాలామందికి ఒక నమ్మకం. రెండూ తప్పే. ఈమధ్య గట్ల మీద కెమెరాలు పట్టుకుని తిరిగేవాళ్ళు ఎక్కువయ్యారు. మన పిల్లలు కూడా రీల్స్ కోసం కొంగల మీదికి మట్టిబెడ్డలు విసురుతున్నారు. అందుకే ఈ పోస్టు కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపిక చేసుకుని చదవండి.

ముందు మబ్బు సంగతి. ఎండలో తెల్లకొంగను తీసి చూడండి. రెక్క పైన తెలుపు తప్ప ఈక కనపడదు, రెక్క కింద నల్లటి నీడ. మబ్బులో ఆ గొడవ లేదు. వెలుతురు మెత్తగా పడుతుంది, ఈకలు విడివిడిగా కనపడతాయి.

మరి పిట్ట బొగ్గుముక్కలా ఎందుకొస్తుంది అంటారా? మబ్బు ఆకాశం మన కంటికి మసగ్గా అనిపిస్తుంది గానీ, పిట్ట కంటే అది చాలా వెలుగు. కెమెరా ఎదురుగా అంతా వెలుగే అనుకుని మొత్తం తగ్గించేస్తుంది. ఆకాశం బూడిదరంగు, పిట్ట నలుపు. కాబట్టి వెలుగు మనమే పెంచాలి. చాలా ఫోన్లలో తెర మీద వేలు పెడితే పక్కన చిన్న సూర్యుడి గుర్తు వస్తుంది, దాన్ని పైకి లాగండి. కెమెరాలో అయితే ప్లస్ 1 నుంచి 2 దాకా పెట్టుకోండి. ఆకాశం తెల్లగా పోతే పోనివ్వండి, మనకు కావలసింది పిట్ట కదా.

అదే కొంగ కిందికి దిగి పచ్చటి నారుమడి మీదుగా పోతుంటే లెక్క తిరగబడుద్ది. వెనకాల అంతా ముదురు రంగు కాబట్టి కెమెరా వెలుగు పెంచేస్తుంది, కొంగ సున్నపుముద్ద అయిపోతుంది. అక్కడ కొంచెం మైనస్ వైపు జరపాలి.

షట్టర్ వేగం కొంగకి సెకనులో 1000వ వంతు, ఏట్రింత లాంటి చిన్నపిట్టకి 2000వ వంతు ఉంటే మంచిది. మబ్బులో అంత వేగం కావాలంటే ఐఎస్ఓ 1600, 3200 దాకా పెంచక తప్పదు. ఫోటో ఇసుక చల్లినట్టు కొంచెం గరుకుగా వస్తుంది. రెక్కలు చెదిరిన ఫోటో కంటే అదే నయం.

ఇక అసలు విషయం. ఎగిరే పిట్టకి మన దమ్ము మడిని మించిన చోటు లేదు. వానాకాలం ట్రాక్టర్ కేజీవీల్స్‌తో మడిలో దిగిందంటే కొంగలు వెనకాలే పురుగుల కోసం వస్తాయి. ట్రాక్టర్ మలుపు తిరిగినప్పుడల్లా లేస్తాయి, నాలుగు బారలు ఎగిరి మళ్ళీ వాలతాయి. ఎవరూ లేపక్కర్లేదు. పిట్ట గాలికి ఎదురుగానే లేస్తుంది, ఎదురుగానే వాలుతుంది. తూర్పారబట్టినోళ్ళం, గాలి వాటం మనకొకరు చెప్పాలా? ఆ రోజుల్లో మనకు ఎక్కువగా పడమటి గాలే కాబట్టి పడమటి గట్టు మీద, గాలి వీపుకి తగిలేలా నిలబడితే పిట్ట ముఖం మనవైపు ఉంటుంది. తూర్పు గట్టున ఉంటే తోకలే. పెద్దపిట్ట లేచే ముందు ముందుకు వంగుతుంది, చాలాసార్లు రెట్ట కూడా వేస్తుంది. నవ్వకండి, బటన్ నొక్కాల్సింది అప్పుడే.

లేపొద్దని ఎందుకంటున్నానంటే, ఈ మబ్బుల కాలమే చాలా పిట్టలకి గుడ్ల కాలం. శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలు తొలకరికి వచ్చి ఊళ్ళో చెట్ల మీదే గూళ్ళు కడతాయి. అలాంటి చోట చప్పట్లు కొట్టి తల్లిని లేపితే గుడ్డుకి కాపలా ఎవరు? కాకి చూస్తూ ఊరుకోదు. పిల్లలుంటే వానకి తడుస్తాయి.

అంత దూరం ఎందుకు, మన గట్టు మీద తీతువు పిట్టనే చూడండి. అది నేల మీదే గుడ్లు పెడుతుంది. మనిషి దగ్గరికొస్తే నెత్తి మీద తిరుగుతూ అరుస్తుంది. తీతువు అరిస్తే అశుభం అని మనం, భలే దొరికింది అని కెమెరావాళ్ళు. గుడ్లు తొక్కుతావురా నాయనా అని దాని ఏడుపు. అది అరుస్తుంటే ఫోటో ఆపి, కింద చూసుకుంటూ వచ్చిన దారినే వెనక్కి రావాలి.

గూడు లేని చోట లేపితే ఏంటి అనేవాళ్ళున్నారు. తినేదాన్ని లేపితే దాని తిండి పోయినట్టే కదా. పైగా భయపడి పారిపోయే పిట్ట మనకి వీపే చూపిస్తుంది, ఆ ఫోటో ఎవరికి కావాలి? నారుమడి తొక్కేస్తుంటే తోలుకోండి, నేనూ తోలతాను. అది పంట కోసం. లైకుల కోసం మాత్రం నా మడిలో బెడ్డ విసరనివ్వను.

మా చేలల్లో దమ్ములు మొదలవుతున్నాయి. కెమెరా ఉన్నవాళ్ళు పొద్దున్నే రావచ్చు. గట్టు దిగొద్దు, నారు తొక్కొద్దు. వాన నమ్మకం లేదు, కెమెరాకి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చుకోండి.