గుండె తలుపులు ముందే చూపిద్దాం

"పెళ్ళి కావలసిన పిల్లకి గుండె పరీక్షేమిటమ్మా? నలుగురికీ తెలిస్తే సంబంధాలొస్తాయా?" మా శృంగవరపుకోటలో ఒక తల్లి నాతో అన్నమాట ఇది. ఆ పిల్లకి నాలుగు మెట్లెక్కితే ఆయాసం. చిన్నప్పుడు గొంతునొప్పి, ఆ తర్వాత కీళ్ళవాపుతో జ్వరం వచ్చి తగ్గాయట. తగ్గింది కీళ్ళకే కావచ్చు. ఈ కీళ్ళవాతజ్వరం గుండె గదుల మధ్య తలుపుల్లాంటి కవాటాలను దెబ్బతీసి, ఏళ్ళ తరబడి బయటపడకుండా ఉండగలదు.

బయటపడేది ఎప్పుడో తెలుసా? చాలామందికి నీళ్ళోసుకున్నాకే! గర్భిణి ఒంట్లో రక్తం దాదాపు సగం మేర పెరుగుతుంది. ఇరుకైన కవాటం ఆ భారం మోయలేదు. ఆయాసమంటే "కడుపుతో ఉన్నావు కదే, మామూలే" అనేస్తాం. తల్లికీ బిడ్డకీ ముప్పు అక్కడే ఉంది.

స్టెతస్కోపుతో అన్నీ దొరకవు. కాంబోడియా, మొజాంబిక్ బడిపిల్లల మీద జరిపి 2007లో వెల్లడించిన అధ్యయనంలో, స్టెతస్కోపుకు చిక్కినవాటికి సుమారు పదిరెట్లు ఎకో పరీక్షలో బయటపడ్డాయి. ఈసీజీ బాగుందని నిశ్చింతగా ఉండటమూ పొరపాటే. కవాటం కదలికను చూపేది ఎకో. ఛాతీమీద జెల్లీ రాసి శబ్దతరంగాలతో చూస్తారు. నొప్పి లేదు, సూది లేదు, గర్భిణికి హానీ లేదు.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్యసేవ, కవాటం ఆపరేషన్ల ఖర్చు భరిస్తోంది. మంచిదే. కానీ అంతదాకా రానివ్వడమెందుకు? ఉగాండాలో తొలిదశలోనే దొరికిన పిల్లలకు నాలుగు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. 2021లో ఫలితాలు వచ్చాయి. రెండేళ్ళలో జబ్బు ముదిరినవాళ్ళు వారిలో నూటికి ఒక్కరు కూడా లేరు. ఇంజెక్షన్ లేనివారిలో నూటికి ఎనిమిదిమంది!

బడిపిల్లల ఆరోగ్యం కోసం కేంద్రం 2013లో పెట్టిన బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో ఈ జబ్బూ ఉంది. 2023లో విజయనగరానికి ప్రభుత్వ వైద్యకళాశాల వచ్చింది. ఈ రెంటినీ కలిపి, చేత్తో మోసుకెళ్ళే ఎకో యంత్రాన్ని మన బళ్ళకు, కొండ ఊళ్ళకు పంపమని మనం అడగాలి. మహిళా సంఘాలు తలుచుకుంటే అడగలేవా?

ఆ తల్లికి ఒకటే చెప్పాను. "జాతకం చూపించడానికి వెనకాడవు కదా, గుండె చూపించడానికి సిగ్గెందుకు? సంబంధం పోతే ఇంకోటి వస్తుంది. పిల్ల వస్తుందా?"